చెయ్యి మడిచి కొలిచిన రోజు

ఉదయం ఐదూ నలభైకి కాంతం పాత సామాన్ల గది తాళం తీసింది. టైము ఎందుకు గుర్తుందంటే, గ్రౌండులో సున్నం గీతలు గీయించడానికి వచ్చిన నేను సరిగ్గా అప్పుడే వాచీ చూసుకున్నాను. నా పిల్లలు ఆరింటికల్లా రావాలి. ఆ రోజు తొమ్మిది మందే వచ్చారు. పదో పిల్ల ఎస్తేరు గ్రౌండు అంచునే నడిచి నేరుగా ఆ గదిలోకి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ నాకు నమస్కారం కూడా పెట్టింది.

ఇది ఎనభైల మధ్య మాట. గుంటూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో నేను ఫిజికల్ డైరెక్టర్‌ని. ఆ ఉద్యోగం ముప్పై ఏళ్లకు పైగా చేశాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న కొందరు ఆడపిల్లలు మీ అనుభవాలు రాయండి అని అడిగారు. కప్పుల సంగతీ ప్రమోషన్ల సంగతీ రాయను. అవి సర్వీసు పుస్తకంలో ఉన్నాయి. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను.

కాంతం నా కింద పనిచేసిన అసిస్టెంటు. పోయి ఏడాదైంది. సంతాపసభలో చాలామంది మాట్లాడారు. త్యాగమూర్తి అన్నారు, దీపం అన్నారు. ఆ మాటల్లో నాకు తెలిసిన మనిషి కనిపించలేదు. నాకు తెలిసిన మనిషిని చూసి నేను కుళ్లుకున్నాను. సభలో లేచి ఆ మాట అనలేకపోయాను కనక ఇక్కడ రాస్తున్నాను.

నా పిల్ల అనుకోవడం

ఎస్తేరుది దర్శి దగ్గర ఒక పల్లె. తండ్రి లేడు. తల్లి మరియమ్మ పత్తి తీతలకీ మిరప కోతలకీ కూలికి వెళ్లి ఈ పిల్లను చదివించేది. డిగ్రీ మొదటి ఏడాదిలో చేరిన వారంలోనే హాస్టల్ పంపు దగ్గర చూశాను. నిండు బిందెను ఒక్క చేత్తో గట్టు మీదికి ఎత్తి, రెండో చేత్తో ఓణీ సర్దుకుంటోంది.

"గుండు విసురుతావా?" అని అడిగాను.

"ఏ గుండండీ?"

"ఇనప గుండు. నాలుగు కిలోలుంటుంది. ఎవరు ఎక్కువ దూరం విసిరితే వాళ్లు గెలిచినట్టు."

"విసిరితే ఏమిస్తారండీ?"

"ఏమీ ఇవ్వరు. ఒక కాగితం ఇస్తారు."

"మరి అంత దూరం విసిరి, మళ్లీ ఎవరు తెచ్చుకోవాలండీ?"

వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది. ఏడాది పాటు ఆ పిల్లకు గుండు నేర్పాను. భుజం ఎప్పుడు తిప్పాలో, మడమ ఎక్కడ ఆపాలో, ఊపిరి ఎక్కడ వదలాలో చెప్పాను. ఆ పిల్ల నాది అనుకున్నాను. ఈ ఉద్యోగంలో పెద్ద ప్రమాదం అదే. కనిపెట్టినవాళ్లం మనమే కదా అని, పిల్ల కూడా మన సామాన్ల గదిలో వస్తువే అనుకుంటాం.

రెండో ఏడాది జులైలో కాంతం వచ్చింది. నాకన్నా ఎనిమిదేళ్లు చిన్నది. ఉత్తరాదిన కోచింగు కోర్సు చేసి వచ్చింది. ఆడవాళ్లకు బరువులెత్తే పోటీలు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. కాలేజీలో బరువులు తగిలించే ఇనప బారూ ప్లేట్లూ ఏమీ లేవు. కాంతం పాత సామాన్ల గది ఖాళీ చేయించి, ఒక నీళ్ల పైపు ముక్క సంపాదించి, ఖాళీ డాల్డా డబ్బాల్లో సిమెంటు పోసి రెండు చివర్లా బిగించింది. అవి ఎండేలోపే ఎస్తేరు వెళ్లి ఎత్తుతానందట. మూడు నెలల తర్వాత మగపిల్లల కాలేజీ నుంచి అసలైన బారు అరువు వచ్చింది.

నన్ను ఎస్తేరు "మేడమ్" అనేది. కాంతాన్ని రెండో వారం నుంచే "అక్కా" అంది. కాంతం స్టీలు క్యారియరులో ఉడకబెట్టిన గుడ్లు తెచ్చేది. పిల్లలతో పాటు కింద కూర్చుని పెంకులు ఒలిచేది. మా ఇంట్లో గుడ్డు తినం. నేను ఏడాది పాటు ఆ పిల్లకు ఏమీ పెట్టలేదని కిటికీ అవతల నిలబడి చూస్తున్నప్పుడు తట్టింది. ఆ ఆలోచన నన్ను మంచిదాన్ని చెయ్యలేదు. ఇంకాస్త మండిపోయాను.

పిల్లల భయం, నా భయం

మొదట ఆ గదికి పధ్నాలుగు మంది వెళ్లారు. పదిహేను రోజులకు నలుగురు మిగిలారు. మానేసినవాళ్లు ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చి చెప్పేవాళ్లు. "జాకెట్టు చేతులు బిగుతవుతున్నాయండీ." "అద్దంలో చూస్తే భుజాలు మా అన్నయ్యవిలా ఉన్నాయండీ." నాలుగు రోజులు డబ్బాలు ఎత్తిన పిల్లలు ఈ మాట అనేవాళ్లు. బ్రాడీపేటలో వాళ్లకు జాకెట్లు కుట్టే టైలరు కూడా తన వంతు సాయం చేశాడు. "ఈసారి చేతుల కాడ లోపల గుడ్డ ఎక్కువ వదలమంటారా అమ్మా?" అని ప్రతి పిల్లనూ అడిగేవాడు.

హాస్టల్లో ఎస్తేరును ఏడిపించేవాళ్లు. ఆమె మాటకు మాట అప్పజెప్పేది.

"ఒసేయ్, పెళ్లిచూపుల్లో నువ్వే అబ్బాయిని ఎత్తి చూస్తావేంటే?"

"బరువెంతో చెప్పవే, చూస్తా."

"మీసాలొస్తే చెప్పు, మా తమ్ముడి బ్లేడు తెచ్చిస్తా."

"తేవే. ముందు నీకున్నయ్యి గీసుకుని తర్వాత నాకివ్వు."

కొత్తగా వచ్చే మీకు ఒకటి చెప్తాను. ఈ భయాన్ని చూసి నవ్వకండి, ఒప్పుకోనూ ఒప్పుకోకండి. కండ అంత తేలిగ్గా రాదు. ఆడపిల్లకు మరీ రాదు. మొదటి నెలల్లో పెరిగేది బలం. అంటే ఉన్న కండకే ఎత్తడం అలవాటవుతుంది. బిగుతు అనిపించేది కొత్త పని చేసిన ఒళ్లు పట్టేయడం వల్ల. వారానికి తగ్గుతుంది. నేను పుస్తకాలు తెప్పించుకుని చదివాను, కళ్లతో కూడా చూశాను. హాస్టల్ సాంబారు తాగి కండలు తిరిగిన పిల్ల నా సర్వీసులో ఒక్కతీ లేదు.

ఇంత తెలిసిన నేను ఇరవై ఏళ్లప్పుడు ఏం చేశానో కూడా చెప్పాలి. ట్రైనింగు కాలేజీలో ఒక వేసవి, మగవాళ్లు ఖాళీ చేశాక వాళ్ల బారు ఎత్తేదాన్ని. నెల రోజులు ఎత్తాను. నాకది ఇష్టం. ఒకరోజు మా అక్క గాజులు ఎక్కిస్తూ నా జబ్బ పట్టుకుని, "ఇదేంటే ఇలా గట్టిపడింది?" అంది. అంతే. నాన్న తిట్టలేదు, ఎవరూ ఆపలేదు. మర్నాడు నేనే వెళ్లలేదు. కాబట్టి నా అసూయ కాంతం మీద సగమే. మిగతా సగం మీసాల మాటకు ఎదురు జవాబు చెప్పి పొద్దున్నే మళ్లీ వెళ్లి ఎత్తే ఎస్తేరు మీద.

ప్రిన్సిపాల్ గారి ఉపాయం

మా ప్రిన్సిపాల్ గారు పని తెలిసిన మనిషి, పిరికి మనిషి. ఇద్దరు ముగ్గురు తల్లులు వచ్చి గొడవ చేసేసరికి నన్ను పిలిచారు.

"నెలకోసారి ఆ పిల్లల చేతులు కొలిచి రాయండి. పెరగలేదని చూపిస్తే వాళ్ల నోళ్లు మూతపడతాయి. మీరే కొలవండి. కాంతం కొలిస్తే ఎవరూ నమ్మరు."

అలా ప్రతి నెలా మొదటి సోమవారం టేపు పట్టుకుని నిలబడేదాన్ని. కొలవడానికి ఒక పద్ధతి ఉంది. చెయ్యి వదులుగా వేలాడాలి. భుజం ఎముకకూ మోచేతికీ సరిగ్గా మధ్యన టేపు తగలాలి, కండను నొక్కకూడదు. ఎస్తేరుది ఆగస్టులో పదకొండు అంగుళాలు. ఫిబ్రవరిలోనూ పదకొండే. ఈలోగా ఆమె ఎత్తే బరువు రెట్టింపు దాటింది. ఆ పుస్తకం చూపించి గొడవ చేసిన తల్లుల్ని నేనే ఒప్పించాను. కాంతం ఆ పుస్తకాన్ని ఎంతో నమ్ముకుంది. "మీరు కొలవకపోతే నా గది ఎప్పుడో మూసేసేవాళ్లు మేడమ్" అనేది. ఆ కృతజ్ఞత కూడా నాకు భరించరానిదిగా ఉండేది.

మరియమ్మ

మార్చిలో యూనివర్సిటీ జట్టుకు సెలక్షను. ఆడపిల్లలకు బరువుల సెలక్షను పెట్టడం అదే మొదటిసారి. ఎస్తేరు ఒంటి బరువు తరగతిలో పోటీకి వచ్చేది ఇంకొక్క పిల్లే అని తెలిసింది. ఒక్కరిని తీసుకుంటారు. ఆ ఒక్కరు ఎస్తేరే అని కాంతానికి తెలుసు, నాకూ తెలుసు.

ఇంకా మూడు వారాలుందనగా మరియమ్మ దర్శి నుంచి మొదటి బస్సుకు వచ్చింది. ఊళ్లో ఎవరో ఏదో చెప్పారు. పైగా ఒక సంబంధం వచ్చింది, అబ్బాయి పంతులు. ముందు కాంతం దగ్గరికే వెళ్లింది. కాంతం ఆమెను నా దగ్గరికి పంపింది. "మా పెద్ద మేడమ్ కొలుస్తారమ్మా. ఆవిడ ఎంత చెప్తే అంత" అందట.

మరియమ్మ కుర్చీలో కూర్చోలేదు. ఎస్తేరు ఆమె వెనకాల నిలబడింది.

"మేడంగారూ, నాకు అచ్చరం ముక్క రాదు. మీరు పెద్దోరు. దీని చేతులు మొగోళ్ల చేతులైపోతన్నయ్యంటన్నారు. నిజమేనా?"

"ఏం కాలేదని చెప్పాగా అమ్మా" అంది ఎస్తేరు.

"నువ్వు నోర్ముయ్యవే, నిన్నడగలా."

ఆమె చీర కొంగు తీసి తన చెయ్యి నా టేబులు మీద పెట్టింది. నల్లగా, తాడు పేనినట్టున్న చెయ్యి.

"ఇది చూడండి. ఇరవై ఏళ్లు మిరప బస్తాలు ఎత్తితే వచ్చింది. ఈ చెయ్యి దానికి రాకూడదనే చదివిస్తన్నా. రేపు పంతులమ్మై కుర్చీలో కూసున్నా కూడా, చెయ్యి చూసి కూలిదంటే నేను పడ్డదంతా ఏమైపోవాలి?"

అప్పటిదాకా ఈ భయం ఒకటే రకం అనుకున్నాను. టౌను పిల్లలు మగవాళ్లలా కనిపిస్తామని భయపడ్డారు. ఈమె భయం వేరు. కూతురు తనలా కనిపిస్తుందేమోనని. దానికి నా దగ్గర జవాబుంది. ఏడు నెలల పుస్తకం సొరుగులో ఉంది. తీసి చదివితే చాలు.

టేపు తీశాను. ఎస్తేరు అలవాటు ప్రకారం చెయ్యి వదిలేసి నిలబడింది.

"మడువు" అన్నాను.

నా మొహంలోకి చూసింది.

"పిడికిలి బిగించి మడువు."

మడిచింది. పన్నెండుంబావు.

"పోయిన నెల ఎంతండీ?" అంది మరియమ్మ.

"పదకొండు."

రెండూ నిజమైన అంకెలే. మడిచి బిగిస్తే ఎవరి చెయ్యయినా అంత పెరుగుతుంది. ఈ వృత్తిలో ఉన్న ప్రతి ఒక్కరికీ అది తెలుసు. ఆ గదిలో తెలియనిది మరియమ్మ ఒక్కదానికే.

"నెలకే అంగుళం పైనా?" అంది వేళ్లతో చూపిస్తూ.

"అవును."

"ఇంక చాలు. ఇయ్యాళే మానెయ్."

ఎస్తేరు జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుని తల్లి వెనకే వెళ్లిపోయింది.

మధ్యాహ్నం కాంతం వచ్చింది. "ఎంతొచ్చింది మేడమ్?"

"పన్నెండుంబావు."

"మడిపించారా?"

"లేదు."

టేబులు మీదున్న టేపు వైపు చూసింది. "టేపు పాతదై ఉంటుంది. కొత్తది తెస్తాను" అంది. మర్నాడు నిజంగానే కొత్త టేపు తెచ్చి నా టేబులు మీద పెట్టి వెళ్లింది. నేను మాట మార్చుకోవడానికి ఆమె దారి ఇచ్చింది. అది నాకు అర్థమైంది. అయినా ఆ టేపు తియ్యలేదు.

గెలిచిన తర్వాత

సెలక్షన్లో ఆ ఇంకో పిల్ల ఒక్కతే ఎత్తి గెలిచింది. ఆమె ఎత్తిన బరువు ఎస్తేరు రోజూ మొదట్లో ఒళ్లు వెచ్చబడడానికి ఎత్తేదే. కాంతం వచ్చి ఆ అంకె చెప్పి వెళ్లింది. గొంతు పెంచలేదు.

ఎస్తేరు ఆరింటికి నా గ్రౌండుకు తిరిగి వచ్చింది. నేను కోరుకున్నది అదే. వారం తిరిగేసరికి ఆ పిల్లను చూడాలంటే నాకు మొహం చెల్లలేదు. సున్నం బకెట్టు మొయ్యమన్నాను, హర్డిల్స్ సర్దమన్నాను. ఇంతా చేస్తే ఆ పంతులు సంబంధం కుదరలేదు. పిల్ల మరీ పొడుగు అన్నారట. చేతుల మాటే రాలేదు.

జూన్లో కాలేజీ తెరిచాక ఒకరోజు ఎస్తేరు హర్డిల్స్ లోపల పెడుతుంటే వెళ్లి చెప్పాను.

"ఆ రోజు నీ చెయ్యి మడిపించి కొలిచాను ఎస్తేరూ. కావాలనే."

"తెలుసండి. నా చెయ్యేగా."

"మరి మీ అమ్మకు అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెప్తే మా అమ్మ ఇంక ఏ మేడం మాటా నమ్మదండి. ఇక్కడ చదువే వద్దని తీసుకుపోయేది." ఇంకో హర్డిల్ ఎత్తి పెట్టింది. "మీకు నేను గ్రౌండులో కావాలేమో అనుకున్నా. వచ్చినాక గుండు కూడా ఇయ్యలా మీరు."

నా సర్వీసులో నాకొచ్చిన మెమోలన్నీ కలిపినా ఆ ఒక్క మాటంత బరువుండవు.

ఆ ఆదివారం దర్శి బస్సెక్కాను. మరియమ్మ ఇంటి ముందు నులక మంచం వాల్చి కూర్చోబెట్టింది. నేను సంచిలోంచి టేపు తీసి, "నీ చెయ్యి వదులుగా వెయ్యి" అన్నాను. కొలిచాను. "ఇప్పుడు మడిచి బిగించు" అన్నాను. మళ్లీ కొలిచి, రెండు చోట్లా టేపు మీద గోరు పెట్టి చూపించాను. తేడా అంగుళం పైనే ఉంది.

"ఇంతసేపట్లో నీ చెయ్యి పెరిగిందా?"

ఆమె టేపు చేతిలోకి తీసుకుని చూసింది. "చదువుకున్నోళ్లు ఇట్టా కూడా కొలుస్తారా?"

"నేను కొలిచాను."

"ఎందుకు చేశారమ్మా ఆ పని?"

"కుళ్లు" అన్నాను.

"ఆ కాంతం మేడం మీదా?"

"ఆవిడ మీద. మీ అమ్మాయి మీద కూడా."

"నా కూతురి మీద కుళ్లుకోటానికి దాని కాడ ఏముందండీ?" అంది. కోపం లేదు. నిజంగా తెలియక అడిగింది.  లేచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను తాగేదాకా ఆగి, "ఎత్తితే ఎత్తనియ్యండి. కానీ దాని చెయ్యి ఇంక మీరు కొలవమాకండి" అంది.

మర్నాడు పుస్తకం ప్రిన్సిపాల్ గారికి ఇచ్చేసి, ఇక కొలవనని చెప్పాను. కారణం అడిగితే కళ్లు సరిగ్గా కనబడడం లేదన్నాను. పూర్తి నిజం చెప్పే ధైర్యం దర్శిలోనే అయిపోయింది. కాంతానికి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఆమెకు తెలుసని నాకు తెలుసు. అది చాలనుకున్నాను. అది చాలదు. ఇరవై ఏళ్లు ఒకే గదిలో కూర్చుని, ఒకే ఫ్లాస్కులో కాఫీ తాగి, ఒక వాక్యం అనలేకపోయాను.

రెండో సెలక్షను

ఎస్తేరు చివరి ఏడాది. ఈసారి ఆమె బరువు తరగతిలో ఏడుగురు వచ్చారు. మిగతా కాలేజీలు కూడా మేలుకున్నాయి. అప్పటి పద్ధతి ఏమిటంటే, ఆడపిల్లలు ఎత్తేటప్పుడు హాలు తలుపులు మూసేవాళ్లు. కిటికీలకు పాత పేపర్లు అంటించేవాళ్లు. కాలేజీకి ఒక్క కోచ్‌నే లోపలికి రానిచ్చేవాళ్లు. మా కాలేజీ నుంచి కాంతం పేరు రాశారు. నేనే సంతకం పెట్టాను.

నేను బయట మెట్ల మీద నిలబడ్డాను. అక్కడ ఇద్దరు తండ్రులు, కొందరు అన్నలు, ఒక వ్యాను డ్రైవరు ఉన్నారు. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. లోపల ఎస్తేరు పేరు పిలిచారు. బారు చెక్క మీద పడ్డ చప్పుడు. కొంచెం సేపటికి మళ్లీ పిలిచారు, మళ్లీ చప్పుడు. మూడోసారి చప్పుడు త్వరగా వచ్చింది. ఎత్తి దించిన చప్పుడుకూ ఎత్తలేక వదిలేసిన చప్పుడుకూ తేడా ఉంటుంది. అది బయటినుంచి పోల్చుకునేంత అనుభవం నాకు లేదు.

తలుపు తీశాక ఇద్దరూ కలిసి వచ్చారు. ఎస్తేరు అరచేతుల నిండా, బారు జారకుండా పూసుకునే తెల్లటి పొడి.

"రెండు ఎత్తా మేడమ్. మూడోది భుజాల దాకా వచ్చింది. పైకి పోలా."

"ఎన్నో స్థానం?"

"రెండు."

ఒక్కరినే తీసుకుంటారు. ఆమె ఎత్తిన మొదటి బరువుకే కిందటేడు గెలిచి ఉండేది. మేం ముగ్గురం ఆ లెక్క ఎవరికి వాళ్లం చేసుకున్నాం, ఎవరూ పైకి అనలేదు. ఎస్తేరు కాంతం భుజం మీద తల పెట్టుకుని కొంచెంసేపు ఏడ్చింది. కాంతం చీర మీద ఆ పొడి అంటుకుంది. నేను పక్కనే ఉన్నాను. చేసిందంతా నేనే అయినా, ఆ భుజం నాది కాలేదని అప్పుడు కూడా ఏడుపొచ్చింది.

ఎస్తేరు తర్వాత డ్రిల్ టీచరైంది. మళ్లీ పోటీకి వెళ్లలేదు. పోటీలో ఆమె బరువెత్తడం మా కాలేజీ తరఫున చూసిన మనిషి కాంతం ఒక్కతే. ఎలా ఎత్తింది, మూడోది ఎక్కడ ఆగింది అని ఆమెను అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అడిగితే మిగతాదంతా మాట్లాడాల్సి వస్తుందని ఊరుకున్నాను. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

ఆడపిల్లలు బరువులెత్తేటప్పుడు ఇప్పుడు తలుపులు మూయడం లేదు.